కొండ అడవి బాటలో తొలిరోజు

కొబ్బరికాయ కొట్టారు. చక్రాల కింద నిమ్మకాయలు తొక్కించి బండి ఇంటికి తెచ్చారు. ఆర్నెల్లు గడిచాయి. ఇప్పటిదాకా ఆ బండి చూసింది ఔటర్ రింగురోడ్డు, అపార్ట్‌మెంటు సెల్లారు, పండక్కి వెళ్లినప్పుడు ఊళ్లో మామిడితోట. గేరు రాడ్డు పక్కనున్న రెండో లివరును ఒక్కసారైనా కదిపింది లేదు. ఫోన్లో మాత్రం కొండలెక్కే జీపుల వీడియోలు రోజూ నడుస్తున్నాయి. ఎక్కడికి వెళ్లాలి? ఎవరితో వెళ్లాలి? వెళ్లాక మధ్యలో దిగబడితే ఏం చేయాలి?

ఈ మూడు ప్రశ్నల దగ్గర ఆగిపోయినవారి కోసమే ఈ అధ్యాయం. ముందుగా ఒక్క మాట. కొండ అడవిలో బండి ఇరుక్కోవడానికి ఇంజను చాలకపోవడం చాలా అరుదైన కారణం. ముందున్నది రాయో, గుంతో, నీళ్లో డ్రైవరు దిగి చూడకపోవడమే అసలు కారణం. కింద చెప్పే మెలకువల్లో సగం ఈ ఒక్క అలవాటు చుట్టూనే తిరుగుతాయి.

1. ఆ బాట ఎవరిదో కనుక్కోండి

మ్యాపులో సన్నటి గీత కనిపించింది. దానిమీద బండి వెళ్లవచ్చా? గీత కనిపించినంత మాత్రాన వెళ్లవచ్చని కాదు. మన రెండు తెలుగు రాష్ట్రాల్లో కొండల మీద ఉన్న అడవి చాలావరకు రిజర్వు ఫారెస్టు. అనుమతి లేకుండా అందులోకి వెళ్లడం అటవీ చట్టం ప్రకారం నేరం. అభయారణ్యాలు, జాతీయ పార్కుల్లో 1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టం ఇంకా కఠినంగా ఉంటుంది. పులుల అడవి మధ్యగా శ్రీశైలం వెళ్లే ఘాట్ రోడ్డునే రాత్రి 9 నుంచి ఉదయం 6 దాకా మూసేస్తారు. అలాంటి నల్లమలలో తారురోడ్డు దిగి పక్కబాట పట్టాలన్న ఆలోచనే రాకూడదు.

మరి ఎక్కడికి వెళ్లాలి? రెవెన్యూ భూముల్లోని బండ్లబాటలు ఉన్నాయి. ఊళ్ల మధ్య ఇంకా తారు పడని మట్టిరోడ్లు ఉన్నాయి. యజమాని ఒప్పుకుంటే కాఫీ తోటల్లోని దారులు ఉన్నాయి. అనుభవమున్న బృందాలు అనుమతి తీసుకుని నడిపే ట్రాకులూ ఉన్నాయి. వెళ్లే దారి ఫారెస్టు పరిధిలోకి వస్తుందేమోనని అనుమానముంటే రేంజి ఆఫీసులో అడగండి. చెక్‌పోస్టు దగ్గర గంటసేపు నిలబడటం కన్నా ముందురోజు అడగడం తేలిక.

ఏజెన్సీలో ఇంకో సంగతి గుర్తుపెట్టుకోవాలి. ఖాళీగా కనిపించే కొండవాలు ఎవరిదో పోడు చేను కావచ్చు. రాగులో సామలో చల్లిన మడి మీదుగా రెండు టైర్లు వెళ్లాయంటే ఆ కుటుంబానికి అది పంట నష్టమే. ఊరు కనబడగానే మొదటి గేరులోకి వచ్చి, దుమ్ము లేవకుండా దాటండి. దారి అడిగితే కాదనేవారు అక్కడ ఎవరూ ఉండరు.

పొలమే కాదు, నది కూడా బండ్లబాట కాదు. 2023 డిసెంబరులో హిమాచల్ ప్రదేశ్‌లోని లాహౌల్-స్పితి జిల్లాలో ఒకరు ట్రాఫిక్ తప్పించుకోవడానికి మహీంద్రా థార్‌ను ఏకంగా చంద్రా నదిలోకి దింపారు. వీడియో దేశమంతా తిరిగింది, పోలీసులు చలానా రాశారు. బండి అవతలి ఒడ్డుకు చేరినా ఆ పని తప్పే.

2. మీ బండి ఏమిటో కాగితం మీద చూడండి

ఇది చిన్న విషయంలా కనిపిస్తుంది గానీ చాలామంది పొరపడేది ఇక్కడే. చూడటానికి ఒకేలా ఉన్నంత మాత్రాన రెండు థార్‌లూ ఒకటే అనుకోకండి. 2023 జనవరి నుంచి వెనక చక్రాలకే శక్తి అందే రకం కూడా అమ్ముతున్నారు. పాతబండి కొంటున్నారా? లోపల రెండో లివరు ఉందో లేదో చూశాకే బేరమాడండి.

తర్వాత అంకెలు. 2020లో వచ్చిన థార్‌కు కంపెనీ చెప్పే లెక్కలివి: నేలకూ అడుగుభాగానికీ మధ్య ఎడం 226 మిల్లీమీటర్లు, దాటగలిగే నీటి లోతు 650 మిల్లీమీటర్లు, ముందు బంపరు తగలకుండా ఎక్కగలిగే కోణం 41.8 డిగ్రీలు, వెనక బంపరు తగలకుండా దిగగలిగే కోణం 36.8 డిగ్రీలు, మధ్యలో పొట్ట తగలకుండా దాటగలిగే గట్టు కోణం 27 డిగ్రీలు. వీటిలో ఏది తక్కువో గమనించారా? అందరి కళ్లూ ముందు బంపరు మీదే ఉంటాయి. అసలు ముప్పు పొట్టకే. ముందు చక్రాలు గట్టు దాటేశాయన్న సంబరంలో ఉండగానే బండి నడుం గట్టు మీద కూర్చుంటుంది, నాలుగు చక్రాలకూ పట్టు పోతుంది. గట్టు మరీ నిటారుగా ఉంటే కాస్త ఏటవాలుగా, ఒక్కో చక్రం ఎక్కేలా పోనివ్వాలి. అదీ కుదరకపోతే వెనక్కి తిరగాలి.

3. మొదటిసారి పక్కసీట్లో వెళ్లండి

స్టీరింగు పట్టుకునే ముందు, ఆ పనిమీదే బతికే డ్రైవరు పక్కన ఒకసారి కూర్చోండి. బొర్రా గుహల దగ్గర్నుంచి కటికి జలపాతం వైపు రాళ్లబాటలో జీపులు అద్దెకు తిరుగుతాయి. కేరళలో సూర్యనెల్లి నుంచి కొలుక్కుమలై తేయాకు తోట దాకా, కర్ణాటక కొడగులో మడికేరి నుంచి మాందల్‌పట్టి దాకా యాత్రికుల్ని పైకి చేర్చేది స్థానిక జీపులే. అక్కడికెళ్లినవాళ్లు లోయను ఫోటోలు తీసుకుంటారు. మీరు మాత్రం డ్రైవరు కాళ్లను చూడండి.

ఆయన ఎడమ కాలు క్లచ్ మీద ఊరికే ఆనించి ఉండదు. గేరు మార్చేటప్పుడు తొక్కుతాడు, పూర్తిగా వదిలేస్తాడు. ఎక్కుడు మధ్యలో గేరు మార్చడు. ఏ గేరులో ఎక్కాలో కిందే తేల్చుకుంటాడు. రాయి రాబోయే ముందు వేగం తగ్గుతుంది, చక్రం రాయిమీద ఆనుతుంది, ఒక్క క్షణం ఆగినట్టవుతుంది, అప్పుడు మెల్లగా పైకి లేస్తుంది. స్టీరింగు మీద ఆయన బొటనవేళ్లు చక్రం లోపలికి చుట్టుకుని ఉండవు, అంచు మీదే ఉంటాయి. చక్రం రాయికి కొట్టుకుని స్టీరింగు గిర్రున తిరిగితే లోపలున్న బొటనవేలు విరుగుతుంది. ఏళ్ల తరబడి అదే బాట నడిపిన చేతులకు ఇవన్నీ అలవాటుగా వచ్చేస్తాయి. దిగాక ఒక టీ ఇప్పించి అడగండి, ఏ మలుపు దగ్గర ఎందుకు ఆగాడో విడమరిచి చెబుతాడు.

4. ఒంటరిగా వద్దు, బరువుగా వద్దు

ఇద్దరు స్నేహితులు ఒకే బండిలో వెళ్లడం కన్నా, రెండు బండ్లలో వెళ్లడం మేలు. ఒకటి దిగబడితే లాగడానికి రెండోది ఉండాలి. సిగ్నలు లేని కొండల్లో ఇంతకు మించిన బీమా లేదు. మ్యాపు ముందే ఫోన్లోకి దించుకోండి. ఏ దారిన వెళ్తున్నారో, ఎన్నింటికి తారురోడ్డు మీదకు వస్తారో ఇంట్లో ఒకరికి రాసిచ్చి వెళ్లండి.

సామాను పైన క్యారియరు మీద కట్టకండి. బరువు పైకి పోయేకొద్దీ పక్కవాలులో బండి పల్టీ కొట్టే అవకాశం పెరుగుతుంది. లోపల వదులుగా ఉన్న జాకీ, నీళ్ల క్యాను, టూల్స్ పెట్టె అన్నీ కట్టేయాలి. బండి ఊగినప్పుడు అవే తలలు పగలగొడతాయి. సీటుబెల్టు సంగతి వేరే చెప్పాలా? నడిచేంత వేగంలో వెళ్తున్నా పెట్టుకోవాల్సిందే.

5. గాలి తగ్గించండి

తారురోడ్డు మీద 30 పీఎస్ఐకి పైగా గాలి ఉన్న టైరు రాయి మీద ఎగిరిపడుతుంది. మట్టిబాట మొదలయ్యే చోట ఆగి, నాలుగు టైర్లలోనూ గాలి 20కి, 22కి తెచ్చి చూడండి. టైరు అడుగు వెడల్పవుతుంది, రాయిని కరుచుకుంటుంది, ఇసుకలో తేలుతుంది, నడుం నొప్పి సగం తగ్గుతుంది. పైసా ఖర్చు లేని మార్పు, ఫలితం మాత్రం అన్నిటికన్నా పెద్దది.

అయితే మరీ దించకండి. మామూలు రిమ్ములతో 15కి తక్కువైతే మలుపులో టైరు రిమ్ము నుంచి ఊడిపోవచ్చు. గాలి తగ్గాక వేగం కూడా తగ్గాలి. మళ్లీ నింపుకోవడానికి బ్యాటరీకి తగిలించే చిన్న కంప్రెసరు, గాలి కొలిచే గేజి తప్పకుండా బండిలో ఉండాలి. గాలి తీసేసి, నింపే సాధనం ఇంట్లో మరిచిపోయి, అదే టైర్లతో వందలో హైవే ఎక్కడం ప్రాణాల మీదకు తెచ్చుకోవడమే. తక్కువ గాలితో వేగంగా తిరిగే టైరు వేడెక్కి పగిలిపోతుంది.

6. రెండో లివరును ఎప్పుడు కదపాలి?

సమాధానం ఒక్క ముక్కలో చెప్పవచ్చు: ఇరుక్కున్నాక కాదు, ఇరుక్కునే చోటు రాకముందు.

4హెచ్ అంటే నాలుగు చక్రాలకూ మామూలు వేగం. కంకర, తడిమట్టి, వదులు ఇసుక దీనికి చాలు. 4ఎల్ అంటే లో రేంజి. ఇంజను తిరిగే వేగం అంతే ఉంటుంది, చక్రం మాత్రం దాదాపు రెండున్నర రెట్లు నెమ్మదిగా, అంతే రెట్లు బలంగా తిరుగుతుంది. రాళ్ల ఎక్కుడు, నిటారు దిగుడు, లోతు బురద దీని చోట్లు. 4ఎల్‌లోకి వెళ్లేటప్పుడు బండి పూర్తిగా ఆపి, గేరు న్యూట్రల్‌లో పెట్టి లివరు లాగండి. కదులుతుండగా లాగితే లోపలి పళ్లు కరకరమంటాయి.

పొడి తారురోడ్డు మీద మాత్రం 4హెచ్ వద్దు. మలుపు తిరిగేటప్పుడు ముందు చక్రాలు వెనక చక్రాల కన్నా ఎక్కువ దూరం ప్రయాణిస్తాయి. మట్టిలో అయితే టైరు కాస్త జారి ఆ తేడా సర్దుకుంటుంది. తారు మీద జారదు గనక ఆ ఒత్తిడంతా ట్రాన్స్‌ఫర్ కేసు మీద పడుతుంది. స్టీరింగు బిగుసుకున్నట్టు, బండిని వెనక నుంచి ఎవరో లాగినట్టు అనిపిస్తే కారణం అదే. వెంటనే వెనక చక్రాలకే శక్తి అందే 2హెచ్‌కి రండి.

నాలుగు చక్రాలకూ శక్తి అందుతున్నా బండి కదలని సందర్భం ఒకటుంది. ఎదురు బొదురు మూలల్లో ఉన్న రెండు చక్రాలు గాల్లోకి లేచినప్పుడు, డిఫరెన్షియల్‌కు లాకు లేకపోతే శక్తంతా ఆ గాల్లో చక్రాలకే పోయి వృథాగా తిరుగుతుంది. ఫోర్స్ గూర్ఖాలో ముందూ వెనకా లాకులు పెట్టింది ఇందుకే. మీ బండికి లాకు లేకపోతే చక్రం గాల్లోకి లేవని దారి వెతుక్కోవాలి, లేదా ఆ చక్రం కింద రాళ్లు పేర్చాలి.

7. దిగండి, నడవండి, చూడండి

ఈ సందర్భం ఊహించుకోండి. పాడేరు వైపు కొండల్లో ఒక మట్టి ఎక్కుడు. ముందురోజు వాన పడింది. ఎర్రమట్టిలో ట్రాక్టరు చేసిన రెండు లోతైన గాడులున్నాయి. పైన మలుపు, దాని అవతల ఏముందో కనబడదు. ఒక డ్రైవరు గాడిలోకి దింపి ఆక్సిలరేటరు తొక్కుతాడు. సగం దూరం పోయేసరికి వెనక ఇరుసు మధ్యలో ఉబ్బెత్తుగా ఉండే డిఫరెన్షియల్ గాడుల నడుమ దిబ్బకు తగులుతుంది. చక్రాలు గిరగిరా తిరుగుతాయి, బండి మాత్రం కదలదు. ఇంకో డ్రైవరు కింద ఆగి, హ్యాండ్‌బ్రేకు వేసి, చెప్పులు తీసేసి పైదాకా నడుస్తాడు. గాడి లోతు తన మోకాలితో కొలుస్తాడు. మడమ నొక్కి చూస్తే గాడి పక్క దిబ్బ గట్టిగా ఉందని తెలుస్తుంది. ఎడమ చక్రాలు దిబ్బ మీద, కుడి చక్రాలు అంచు మీద ఉండేలా దారి నిర్ణయించుకుంటాడు. మలుపు అవతల బండి తిప్పుకునే చోటుందని కూడా చూసుకుంటాడు. పది నిమిషాలు పట్టింది. మొదటివాడు సాయంత్రం దాకా తవ్వుతూనే ఉంటాడు.

మట్టి రకం కూడా చూడాలి. నల్లరేగడి తడిసిందంటే టైరు గళ్లన్నీ నిండిపోయి నున్నగా అవుతుంది, మంచి టైరైనా జారుతుంది. ఆ రోజు ప్రయాణం మానుకోవడమే సరైన నిర్ణయం. పడమటి కనుమల్లో వానాకాలం రాళ్ల మీద నాచు ఉంటుంది. రాయి పొడిగా కనిపించినా చేత్తో తాకి చూడండి.

కష్టమైన చోట ఒకరు దిగి ముందు నిలబడి చేతులతో దారి చూపాలి. ఒక్కరే. నలుగురు నాలుగు వైపుల నుంచి “కుడికి”, “ఎడమకి” అని అరిస్తే డ్రైవరు ఎవరి మాట వినాలి? ఎదుట నిలబడినవారి ఎడమ, మీ ఎడమ ఒకటి కావు గనక మాటలకన్నా చేతి సైగే మేలు. ఆయన కనబడకపోతే బండి ఆపేయడం నియమం. ముందు బండి అడ్డంకి పూర్తిగా దాటేదాకా రెండోది కదలకూడదు.

8. ఎక్కుడు, దిగుడు

వాలు మీద బండి ఎప్పుడూ నిటారుగానే ఉండాలి, అడ్డం తిరగకూడదు. ఎక్కుతూ ఎక్కుతూ మధ్యలో ఇంజను ఆగిపోయిందా? కంగారులో బండి తిప్పుకుందామనిపిస్తుంది. అదే బోల్తాకు దారి. బ్రేకు గట్టిగా తొక్కి, రివర్సు గేరు వేసి, ఇంజను స్టార్టు చేసి, క్లచ్ పూర్తిగా వదిలి, వచ్చిన దారినే వెనక్కి నిటారుగా దిగండి. బండిని ఇంజనే పట్టుకుంటుంది. ఖాళీ స్థలంలో, చిన్న వాలు మీద దీన్ని ముందే సాధన చేయాలి. భయం పుట్టినప్పుడు కొత్త పని చేతికి రాదు.

దిగేటప్పుడు 4ఎల్‌లో మొదటి గేరు. కాలు క్లచ్ మీద నుంచి తీసేయండి. బ్రేకు తొక్కిపట్టి దిగితే డ్రమ్ములు, డిస్కులు వేడెక్కి పట్టు సడలుతుంది. జారే మట్టిలో చక్రం బిగుసుకుపోతే స్టీరింగు కూడా పనిచేయదు. వెనకభాగం పక్కకు జారడం మొదలైతే మనసుకు విరుద్ధంగా ఒక పని చేయాలి: కాస్త ఆక్సిలరేటరు ఇవ్వండి, చక్రాలు మళ్లీ తిరిగి బండి నిటారవుతుంది.

ఇరుకు బాటలో ఎదురుపడితే ఎక్కే బండికి దారివ్వాలి. ఒకసారి ఆగితే మళ్లీ కదలడం దానికే కష్టం.

9. వాగు దగ్గర తొందర వద్దు

నీళ్లు కనబడగానే చిమ్ముకుంటూ దాటాలనిపిస్తుంది. వాగు మాత్రం అంత తేలికైంది కాదు. కర్ర తీసుకుని ముందు మీరు దాటండి. అడుగున ఇసుకా, గులకరాళ్లా, గుంతా? ప్రవాహం మోకాళ్లను తోసేస్తుంటే, నిలబడటానికే కష్టపడుతుంటే అక్కడితో ఆలోచన మానేయాలి. పైన కొండల్లో వాన పడితే ఎండగా ఉన్నచోట కూడా వాగు పొంగుతుంది. నీళ్లు ఉన్నట్టుండి ఎర్రగా మారినా, ఆకులు, పుల్లలు కొట్టుకొస్తున్నా వెంటనే గట్టెక్కండి.

దాటవచ్చని తేలితే 4ఎల్‌లో, మనిషి నడిచే వేగంతో, ఆగకుండా. ముందు ఒక చిన్న అల ఏర్పడి బండితోపాటు సాగుతుంది. దాని వెనక ఇంజను దగ్గర నీటిమట్టం తగ్గుతుంది. వేగం పెంచితే నీళ్లు గాలి పీల్చే గొట్టంలోకి పోతాయి. నీళ్లలో ఇంజను ఆగిపోతే మళ్లీ తాళం తిప్పకండి! సిలిండరులోకి నీరు చేరి ఉంటే కనెక్టింగ్ రాడ్డు వంగిపోతుంది, ఇంజను మొత్తం విప్పాల్సి వస్తుంది. రెండో బండితో బయటికి లాగించడమే దారి. అవతలి ఒడ్డున నాలుగైదుసార్లు బ్రేకు మెల్లగా తొక్కి ఆరబెట్టండి.

10. దిగబడ్డాక

చక్రం తిరిగి బండి కదలకపోతే అక్కడే కాలు తీసేయండి. ఇంకా తొక్కితే చక్రం తన గోతిని తానే తవ్వుకుంటుంది. పార తీసుకుని చక్రం ముందు మట్టి వాలుగా తీయండి, రాళ్లు, ఎండుకొమ్మలు పేర్చండి. టైరు గాలి మరికాస్త తగ్గించండి. పచ్చని చెట్లు నరకవద్దు.

తాడుతో లాగాల్సి వస్తే ఈ భాగం రెండుసార్లు చదవండి. ఆఫ్‌రోడింగులో మనుషులు చనిపోయే ప్రమాదాల్లో ఇదొకటి. ట్రైలరు తగిలించే ఉక్కు బంతికి తాడు ఎప్పుడూ కట్టకూడదు. అది విరిగితే ఫిరంగి గుండే. కంపెనీ ఇచ్చిన, బరువు తట్టుకునే కొక్కేలకే షాకిల్‌తో తగిలించాలి. సాగే తాడు, సాగని తాడు వేర్వేరు పనులకు. కుదుపుతో లాగాలంటే సాగేదే వాడాలి. మనుషులందరూ తాడు పొడవుకు ఒకటిన్నర రెట్ల దూరం జరగాలి, వీడియో తీసేవారితో సహా. తాడు చుట్టి లాగే వించి బండికి ఉంటే దాని తాడు మీద దళసరి దుప్పటి వేయండి. చెట్టుకు కట్టేటప్పుడు వెడల్పాటి పట్టీ వాడండి. ఉక్కుతాడు నేరుగా చుడితే బెరడు కోసుకుపోయి చెట్టు ఎండిపోతుంది.

అమెరికాలో ఉన్నవారికి

డెన్వర్‌లోనో, బే ఏరియాలోనో ఉంటూ జీప్ కొన్న తెలుగువారికి పని కొంత తేలిక. 2005లో వచ్చిన నిబంధన ప్రకారం అక్కడి అటవీశాఖ ప్రతి జాతీయ అడవిలో మోటారు బండ్లు వెళ్లదగిన దారుల మ్యాపు ఉచితంగా ఇస్తుంది. అందులో లేని దారి మూసినట్టే లెక్క. కొలరాడోలో యూరే, టెల్యూరైడ్ మధ్య ఇమోజీన్ కనుమ 13,114 అడుగుల ఎత్తున ఉంది. పాత గనుల కోసం వేసిన ఆ దారుల్లో మంచు కరిగాక, ఎండాకాలం మధ్యలోనే ప్రయాణం. కాలిఫోర్నియాలో రూబికాన్ ట్రయల్ సుమారు 35 కిలోమీటర్లు. 1953 నుంచి అక్కడ జీపుల జాతర జరుగుతోంది, పేరున్న జీప్ మోడల్‌కు ఆ పేరే పెట్టారు. కొత్తవారు మొదటే అక్కడికి వెళ్లకూడదు.

ఆ బాట చరిత్రలో మనందరికీ పనికొచ్చే ఘట్టం ఒకటుంది. వాగుల్లోకి కొట్టుకుపోతున్న మట్టి, కారిన నూనె, మనుషుల మలం వల్ల నీళ్లు పాడవుతున్నాయని 2009లో అక్కడి ప్రాంతీయ నీటి నాణ్యతా బోర్డు కౌంటీకి, అటవీశాఖకు కలిపి శుద్ధి ఉత్తర్వు ఇచ్చింది. ఆ తర్వాత వంతెనలు కట్టాల్సి వచ్చింది, మరుగుదొడ్లు పెట్టాల్సి వచ్చింది. యాభై ఏళ్లకు పైగా పేరున్న బాటకే ఆ పరిస్థితి వచ్చింది.

తిరిగొచ్చాక

తారురోడ్డు తగలగానే 2హెచ్, టైర్లలో పూర్తి గాలి. చక్రాల నట్లు బిగించి చూడండి. ఇంటికి చేరాక అడుగుభాగం నీళ్లతో కడిగించండి. ఎండిన బురద బ్రేకు పైపుల చుట్టూ గట్టిపడుతుంది. వాగు దాటి ఉంటే మెకానిక్కుతో డిఫరెన్షియల్ నూనె చూపించండి. పాలలా తెల్లగా ఉంటే నీరు చేరినట్టే, వెంటనే మార్చాలి.

తొలి ప్రయాణానికి డిసెంబరు నుంచి ఫిబ్రవరి మధ్య, వాన పడని ఒక ఆదివారం ఎంచుకోండి. తెల్లవారాక బయల్దేరి, మధ్యాహ్నం మూడింటికల్లా తారురోడ్డు ఎక్కేలా చూసుకోండి. రెండో బండి ఆరోజు రాలేనంటే ప్రయాణం వచ్చే ఆదివారానికి వాయిదా వేయండి.